నా వంతు సివిక్స్

ఇబ్రహీంపట్నం కాలేజీలో మా ఆర్ట్స్ క్లాసులో నలభై మందిమి ఉండేవాళ్ళమనీ, ఆ నలభై మందికీ నేనే నాయకుణ్ణనీ, సివిక్స్ సారుకు ఏదైనా సందేహం వస్తే ముందు నా మొహం వైపే చూసేవాడనీ మా మనవరాలు శ్రావణికి కనీసం ఇరవై సార్లు చెప్పి ఉంటాను. మొన్న గోడలకు సున్నం వేయిద్దామని సామాను బయట పెడుతుంటే, ఇనుప సందుక అడుగున పాత వల ముక్కల కింద ఒక కాగితాల కట్ట దొరికింది. అట్ట లేదు. పక్కన వల దారంతో కుట్టి ఉంది. తొమ్మిదో పేజీతో మొదలై పద్నాలుగు దాకా నడిచి, అక్కడి నుంచి ఒక్క గెంతున అరవై మూడుకు పోయి, డెబ్బై దగ్గర ఆగి, మళ్ళీ నూట ముప్పై ఒకటిలో తేలింది. శ్రావణి డిగ్రీ చదువుతున్న పిల్ల. అటు తిప్పింది, ఇటు తిప్పింది, వాసన చూసి మొహం పక్కకు పెట్టింది.

"తాతా, ఇదేం పుస్తకం? నడుమ పేజీలు ఏవి?"

"అవి నావి గావు బిడ్డా. నా వంతుకు గివే వచ్చినయ్."

"పుస్తకంల వంతేంది?"

ఇక దాచి లాభం లేదనిపించింది. అందుకే ఇక్కడ కూడా ముందే చెప్పేస్తున్నాను. మేము నలభై మందిమి కాదు, ఏడుగురం. నాయకుణ్ణన్నది పూర్తిగా అబద్ధం కాదు. తలుపు పక్కన కూర్చునేవాణ్ణి కాబట్టి సారు వస్తున్నాడని మిగతా ఆరుగురికీ చెప్పే బాధ్యత నాది. సారు నా వైపు చూసిన మాట నిజమే. ఎందుకు చూసేవాడో ఈ కట్ట కథ పూర్తయ్యేసరికి మీకే తెలుస్తుంది.

దేశాన్ని అర్థం చేసుకోవాలనే తపనతో ఆర్ట్స్ గ్రూపులో చేరానని కూడా చాలా చోట్ల చెప్పాను. జరిగింది వేరు. కాలేజీ గుమాస్తా నా పదో తరగతి మెమోలో లెక్కల మార్కులు చూశాడు, నా మొహం చూశాడు, నన్నేమీ అడగకుండా దరఖాస్తు మీద ఏదో రాసేశాడు. ఏం రాశారు సార్ అంటే "హిస్టరీ, ఎకనామిక్స్, సివిక్స్" అన్నాడు. "అవేం సదువులు సార్?" అన్నాను. "లెక్కలు లేని సదువులు" అన్నాడు. ఆ మాటతో నాకు ఆ గ్రూపు మీద ఏర్పడిన ప్రేమ ఇప్పటికీ తగ్గలేదు.

మాది చేపలు పట్టే ఇల్లు. పెద్ద చెరువుకు పోయే దారిలో, రెండు గదులు, ముందు ఒక పందిరి. ఆ పందిరి గుంజలకు ఎప్పుడూ ఒక వల ఆరుతూ ఉండేది. తడి వల వాసన, ఎండు చేపల వాసన, నానబెట్టిన చింతపండు వాసన కలిసి ఒకటే వాసనగా మా గోడలకు పట్టుకుని ఉండేది. మాకది వాసన అని తెలియదు. కాలేజీలో నా పక్కన కూర్చున్న మంచాల జంగయ్య మొదటి రోజే చెప్పాడు. "నువ్వు బుక్కు తెరిస్తే నాకు ఆకలైతున్నదిరా యాదగిరీ" అని. మా అమ్మను అవ్వ అనీ, నాన్నను బాపు అనీ పిలిచేవాళ్ళం. అవ్వ చేపలను బూడిద, ఉప్పు వేసి బండ మీద రుద్దే చప్పుడుతో మాకు తెల్లవారేది. రాత్రి పులుసు పొద్దునకు ఇంకా రుచెక్కుతుందని ఆమె నమ్మకం. జొన్నరొట్టెలో మడిచి అదే నా డబ్బాలో పెట్టేది. బాపు పందిరి కింద కూర్చుని, వల అంచును కాలి బొటనవేలికి తగిలించుకుని, కట్టె సూదితో చిరుగులు అల్లేవాడు. దారాన్ని కత్తితో కోసే అలవాటు ఆయనకు లేదు, పళ్ళతోనే. అందువల్ల ఆయన మాటలు సగం దారం మధ్య నుంచే వచ్చేవి. తిట్టాడో మెచ్చుకున్నాడో తెలుసుకోవాలంటే దారం తెగే దాకా ఆగాలి.

నేను కాలేజీలో చేరక ముందే ఒకసారి పెద్ద వల లాగుతుంటే తాడు మెలిపడి బాపు కుడి భుజం పట్టేసింది. చెయ్యి భుజం కంటే పైకి లేచేది కాదు. అంగీ తొడుక్కోవాలంటే ముందు ఆ చెయ్యి దూర్చి, తర్వాత మంచి చెయ్యి. మా చేపల సంఘంలో ఒక కట్టుబాటు ఉండేది. పెద్ద వల వేసిన రోజు ప్రతి ఇంటి నుంచి ఒక మగమనిషి తాడు పట్టాలి. పట్టని ఇంటికి చేపల్లో వంతు లేదు. పది పాసైన నేను ఇంట్లో ఉండగా తాడు నేనే పట్టాలని అందరూ అనుకున్నారు. నేనూ అనుకున్నాను. కానీ బాపు సంఘం పెద్ద నర్సయ్య ముందు నిలబడి చెప్పాడు.

"రెండేండ్లు తాడు నేనే పడ్త. పోరడు సదువుకుంటడు."

"నీ చెయ్యే లేస్తలేదు గదరా మల్లయ్యా!"

"తాడు ముందటికి గుంజుతరు గని మీదికి గుంజుతరా?"

నర్సయ్య జర ఆలోచించాడు. "మరి వాడు ఫేలైతే?"

"ఫేలైన తెల్లారే వాడు తాడు పడ్తడు. నలుగురి ముంగట చెప్తున్న."

అలా నా చదువు ఆ భుజం మీద మొదలైంది. నేను పాసైతే బాపు తాడు లాగాలి. ఫేలైతే నేను లాగాలి. ఎటు చూసినా ఒకరికి తాడు తప్పదు. ఈ లెక్క నాకు అప్పుడే అర్థమైందనీ, కన్నీళ్ళతో పుస్తకం పట్టుకున్నాననీ రాస్తే బాగుంటుంది. కానీ నాకు అప్పుడు అర్థమైంది ఒక్కటే, పొద్దున్నే లేచి బురదలో దిగే పని తప్పిందని.

సివిక్స్ సారు పట్నం నుంచి సాగర్ రోడ్డు బస్సులో వచ్చేవాడు. బస్సు బొంగులూరు దగ్గర ఆగిపోయిందంటే ఆ రోజు మా దేశానికి ప్రభుత్వం ఉండేది కాదు. వచ్చిన రోజు మాత్రం బాగా చెప్పేవాడు. ఒకటే ఇబ్బంది. పాఠ్యపుస్తకం పట్నంలో తప్ప దొరకదు, అక్కడా అయిపోయింది. మన్నెగూడ అండాలు వాళ్ళ అన్న ఎక్కడెక్కడో తిరిగి ఒక్క పుస్తకం సంపాదించాడు. ఆ అమ్మాయి దాన్ని క్లాసుకు తెచ్చి, అందరం చదువుకుందామని బల్ల మీద పెట్టింది. అంత మంచి మనసుకు ఏ శిక్ష పడబోతోందో పాపం ఆమెకు తెలియదు. పుస్తకం మొదట ఎవరింటికి పోవాలన్న దాని మీద మూడు రోజులు కొట్లాట నడిచింది. నాలుగో రోజు నేను లేచి, మా చెరువు గట్టు మీద పద్ధతి చెప్పాను.

ఆ పద్ధతి ఇది. వల ఒడ్డుకు వచ్చాక చేపలను ఎన్ని ఇళ్ళుంటే అన్ని కుప్పలు పోస్తారు. కుప్ప న్యాయంగా ఉండాలంటే అన్నిట్లోనూ అన్నీ ఉండాలి. ఒక పెద్ద చేప, రెండు నడిమివి, గుప్పెడు చిన్నవి. మరీ పెద్ద చేప పడితే కోసి తల ఒకరికి, తోక ఒకరికి, నడుమ ఒకరికి. తర్వాత ఒక మనిషి కుప్పల వైపు వీపు పెట్టి నిలబడతాడు. ఇంకొకడు ఒక కుప్ప మీద కర్ర పెట్టి "గిది ఎవలిది?" అంటాడు. వీపు పెట్టినవాడు చూడకుండా ఒక పేరు చెబుతాడు. చెప్పిన తర్వాత మాట్లాడకూడదు. పక్కవాడి కుప్ప వైపు చూడటం కూడా మర్యాద కాదు. ఎన్నో తరాలుగా ఈ పద్ధతిలో మా దగ్గర ఒక్క తగాదా రాలేదు.

మా ఏడుగురిలో నలుగురం చెరువు ఇళ్ళవాళ్ళమే. తీర్మానం నెగ్గింది. అండాలు "వద్దురా, పుస్తకం చేపనా?" అంటూనే ఉంది. నేను బాపు చేపలు కోసే కత్తి తెచ్చి కుట్టు కోశాను. ఇక్కడే మా తెలివి చూడాలి. వరసగా ఏడు ముక్కలు చేసి ఉంటే ఒక్కొక్కరికి రెండు మూడు పాఠాలైనా పూర్తిగా దక్కేవి. కానీ అది న్యాయం కాదు కదా! ఒకడికి కష్టమైన పాఠాలన్నీ, ఇంకొకడికి తేలికవన్నీ పోతాయి. కాబట్టి ప్రతి కుప్పలో కొంత తల, కొంత నడుమ, కొంత తోక ఉండేలా సర్దాను. పెద్ద పాఠాలను కోసి పంచాను. అంత న్యాయంగా పంచిన కుప్పలు మా గట్టు మీద కూడా నేను చూడలేదు. జంగయ్య బోర్డు వైపు తిరిగి పేర్లు చెప్పాడు. తన కుప్ప విప్పి చూసుకుని, "నాకంత ముండ్లే వచ్చినయ్ రా" అన్నాడు. అతని వంతులో విషయసూచిక, వెనక అట్ట మీది ప్రకటన పడ్డాయి. పేరు చెప్పిన తర్వాత మాట్లాడకూడదు కాబట్టి నోరు మూసుకున్నాడు.

వారానికోసారి కుప్పలు మార్చుకోవాలని అనుకున్నాం. కానీ మాలో ఎవరికీ పక్కవాడి వంతు అడగడానికి నోరు రాలేదు. చిన్నప్పటి నుంచి అబ్బిన మర్యాద ఒక్కసారిగా పోతుందా? పది రోజులకు సారు వచ్చి జంగయ్యను లేపాడు.

"ప్రభుత్వాలు ఎన్ని రకాలు?"

"సార్, అది అండాలు కుప్పల ఉన్నది."

"ఎక్కడ ఉంది?"

"అండాలు కుప్పల సార్. మొదటి సగం. రెండో సగం యాదగిరి కాడున్నది."

సారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. విషయం మొత్తం విని, "ఈ ఆలోచన ఎవరిది?" అని అడిగాడు. ఆరుగురూ తలుపు పక్కకు చూశారు. అప్పటి నుంచీ ఆయన ఏ కొత్త పాఠం మొదలుపెట్టినా ముందు నా మొహం చూసేవాడు, ఈసారి దేన్ని కోస్తానో అని. రేపటికల్లా పుస్తకం మళ్ళీ ఒకటి కావాలని ఆజ్ఞ ఇచ్చాడు. కాలేదు. ఒకడి వంతు వానకు తడిసి ముద్దయింది. నా దాంట్లో రెండు కాగితాలు తీసి అవ్వ ఎండు చేపలు చుట్టి మన్నెగూడలో ఉన్న మా చిన్నమ్మకు పంపింది. గవర్నరు విధులు అలా బస్సెక్కి వెళ్ళిపోయాయి.

పరీక్ష వచ్చింది. రాజ్య లక్షణాలు రాయమన్నారు. నా తొమ్మిదో పేజీలో మొదలయ్యే పాఠమే! సంతోషంతో మొదలుపెట్టాను. రాజ్యానికి నాలుగు లక్షణాలు, మొదటిది ప్రజలు, రెండవది భూభాగం, మూడవది... పద్నాలుగో పేజీ అక్కడే అయిపోతుంది. మూడోది, నాలుగోది ఎవరి కుప్పలో ఉన్నాయో కూడా తెలుసు, ఏమిటో మాత్రం తెలియదు. "మిగిలిన రెండు కూడా వీటి లాగే ముఖ్యమైనవి" అని రాసి వచ్చాను. ఇరవై రెండు మార్కులు. ఏడుగురిలో సివిక్స్ పాసైంది అండాలు ఒక్కతే. ఆమె మర్యాద పక్కన పెట్టి, ఒక్కొక్కరి దగ్గరా కుప్ప అడిగి తీసుకుని, వానకు తడవక ముందే, చేపలకు చుట్టక ముందే మొత్తం పుస్తకాన్ని వరసగా నోటుబుక్కులో రాసుకుందట. నేనిచ్చినప్పుడు ఎందుకో అడగలేదు. కావాలంటే చూసుకోనీ, ఆడపిల్ల కదా అనుకున్నాను. ఆ అహంకారానికి ఇప్పుడు సిగ్గుపడుతున్నాను, కొంచెం.

ఫలితాలు వచ్చిన తెల్లారే నర్సయ్య మా పందిరి ముందుకు వచ్చి నిలబడ్డాడు. బాపు తన భుజం మీద వేసుకునే గోనె పట్టా తీసి నా భుజం మీద వేశాడు. అంతే. వారానికి రెండు రోజులు నేను తాడు పట్టాను. మొదటి రోజే అరచేతులు పొక్కులు లేచాయి. నడుం లోతు నీళ్ళలో వెనక్కి వాలి లాగుతుంటే భుజం గూట్లో నుంచి ఊడి వస్తుందేమో అనిపించేది. నావి రెండూ మంచి భుజాలే. బాపు ఏడాది పాటు ఇదంతా పట్టేసిన చెయ్యితో చేశాడన్నది నాకు అప్పుడు తెలిసింది. ఈ మాటలో మాత్రం నేనేమీ కలపలేదు.

మళ్ళీ రాసే పరీక్ష మిగిలి ఉంది. అండాలు తన నోటుబుక్కు ఇచ్చింది. "ఇగో, తల తోక అన్నీ ఉన్నయ్. మళ్ల కత్తి పట్టుకున్నవంటే నీ పేరు సారుకు చెప్త" అంది. మధ్యాహ్నాలు బాపు నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, "నాకినపడేటట్టు సదువు. నోట్ల నోట్ల సదివితే నువ్వు పండుకుంటవ్" అనేవాడు. చదివాను. ఆయనకు అక్షరం రాదు కానీ ఒకసారి విన్నది పోదు. రాజ్య లక్షణాల్లో నాలుగోదైన సార్వభౌమాధికారం దగ్గర నేను తడబడుతుంటే దారం పళ్ళ మధ్య పెట్టుకుని అడిగాడు.

"అంటే ఏందిరా?"

"ఎవ్వల మాటకూ లోబడకుంట, తన మాటే ఆఖరి మాటగా నడుపుడు బాపూ."

దారం తెగింది. "గట్లంటే మీ అవ్వకున్నది."

"ఆ, ఉన్నది!" అంది అవ్వ పొయ్యి దగ్గర నుంచి. "లేకుంటే తండ్రి కొడుకులిద్దరు ఈ ఇంటిని కూడ కుప్పలు చేద్దురు."

నెల తిరిగేసరికి సివిక్స్ నాకంటే బాపుకే ఎక్కువ వచ్చింది. కోరం అనే మాట ఆయనకు మరీ నచ్చింది. సభలో పదో వంతు మంది లేకుంటే ఏ నిర్ణయం చేసినా చెల్లదన్న సంగతి రెండుసార్లు చదివించుకుని, ఆ సాయంత్రమే సంఘం మీటింగుకు పోయాడు. యాభై ఇళ్ళ సంఘంలో నలుగురు కూర్చుని, వల ఏ రోజు వేయాలో తీర్మానం చేస్తున్నారు. బాపు నిలబడి, "నర్సన్నా, కోరం లేదు. ఐదుగురుండాలె. మీరు నలుగురే ఉన్నరు. ఈ తీర్మానం నడవది" అన్నాడట. నర్సయ్య తక్కువవాడా? అందరినీ ఒకసారి లెక్కపెట్టి, "నువ్వొచ్చినవ్ గద మల్లయ్యా, ఐదుగురమైనం. కూసో" అన్నాడట. బాపు ఇంటికొచ్చి, వల ముందు కూర్చుని రెండు చిరుగులు అల్లాడు. ఆఖరుకు, "నేను పోకుంటే మీటింగు ఆగేది" అన్నాడు.

పరీక్షలో కోరం మీద ప్రశ్న వచ్చింది. పుస్తకంలో ఉన్నది రాసి, కింద మా సంఘం ముచ్చట కూడా రాశాను. కోరం లేదని చెప్పడానికి వచ్చినవాడి వల్లే ఒక్కోసారి కోరం ఏర్పడుతుందని. దిద్దినవారు నవ్వుకుని ఉంటారు. రాజ్య లక్షణాలు ఈసారి నాలుగూ రాశాను. నాలుగోదానికి ఉదాహరణగా అవ్వను రాయాలనిపించింది కానీ చేతిని ఆపుకున్నాను.

శ్రావణి ఇదంతా విని నవ్వి నవ్వి చేతిలో కట్ట కింద పడేసింది. తర్వాత తనూ ఒక నిజం చెప్పింది. వాళ్ళ క్లాసులో కూడా పాఠాలు పంచుకుంటారట. ఒకరు ఒక యూనిట్ రాసి ఫోన్లో గ్రూపులో పెడితే మిగతావాళ్ళు తీసుకుంటారట. "తల తోక కలుపుతరా?" అని అడిగాను. అంత తెలివి వాళ్ళకు లేదంది. మా సారు బస్సు ఆగిపోయే చోట ఇప్పుడు రింగు రోడ్డు, దాని చుట్టూ ప్లాట్ల రాళ్ళు, రంగు జెండాలు. పుస్తకం మొత్తం అరచేతిలో వెలుగుతుంది, దానికి వాసన లేదు. ఇదంతా బాగానే ఉంది, నేను ఏడ్చేది లేదు. ఒక్కటే తోస్తుంది. ఈ పిల్ల గదిలో తలుపు వేసుకుని చెవుల్లో ఏవో పెట్టుకుని చదువుతుంది. ఏం చదువుతుందో ఇంట్లో మాకెవ్వరికీ వినపడదు. పరీక్ష పోతే ఆమె ఒక్కతే ఫేలవుతుంది, గట్టెక్కితే ఒక్కతే పాసవుతుంది. మా రోజుల్లో మాకు ఆ సౌకర్యం లేదు.

అప్పట్లో నేను మళ్ళీ రాసిన పరీక్ష మెమో ఒక శనివారం చేతికొచ్చింది. పాసయ్యాను. పరుగెత్తుకుంటూ వచ్చి ఇల్లంతా ఎగిరి గంతేశానని ఎవరితోనైనా అని ఉంటే, దాన్నీ వెనక్కి తీసుకుంటున్నాను. అంగీ లోపల దాచుకుని వచ్చి, అన్నం తిని పడుకున్నాను. చెబితే తెల్లారి తాడు ఎవరి చేతికి పోతుందో నాకు తెలుసు. పొద్దున పెద్ద వల. నేను తాడు పట్టి నీళ్ళలో ఉన్నాను, బాపు ఒడ్డున గంపలు సర్దుతున్నాడు. లాగుడు మధ్యలో కాసేపు ఆగిన చోట, ఇక కడుపులో ఆగక, ఆయనకు మాత్రమే వినపడేలా చెప్పాను.

"పాసైన బాపూ."

గంప కింద పెట్టాడు. "మనకెన్నొచ్చినయ్?"

ఆ 'మనకు' వినగానే నా నోరు ఊరుకోలేదు. "అరవై" అన్నాను. ఆయన మొహం అంతా వెడల్పైంది. అది చూసి నాకే భయమేసి, "కాదు, ముప్పై ఎనిమిది" అన్నాను.

"ఎన్నొస్తె పాసు?"

"ముప్పై ఐదు."

"మూడు ఎక్కువే ఉన్నయ్ గదరా. దానికి అబద్ధమెందుకు?" అని నన్ను కోపంగా చూశాడు. చూసి, తాడు పట్టిన వరస మొత్తానికీ, అవతలి ఒడ్డు దాకా వినపడేలా, "నర్సన్నా! మావోనికి సివిక్స్ల అరవై వచ్చినయ్!" అని కేక వేశాడు.

అందరూ ఓయ్ అన్నారు. ఆ గోల తగ్గే లోపల బాపు పంచె ఎగగట్టి నీళ్ళలోకి దిగి, నా భుజం మీది గోనె పట్టా లాగి తన భుజం మీద వేసుకున్నాడు. నేను తాడు వదల్లేదు. మోచేత్తో నా చెయ్యి పక్కకు నెట్టాడు.

"ఇంక ఈడనే ఉన్నవేందిరా? కాలేజీకి టైమైతలేదా?"

ఆ రోజు ఆదివారం. ఆ మాట నేను చెప్పలేదు. తడి బట్టలతో ఇంటికి పోయి, మంచి అంగీ వేసుకుని, పుస్తకాలు పట్టుకుని, తాడు లాగే వరసంతా చూసేలా గట్టు మీద నుంచే కాలేజీకి నడిచాను. గేటుకు తాళం ఉంది. చెరువు మీద పని అయిపోయిందని తెలిసే దాకా దాని ముందే కూర్చున్నాను.